డయాలసిస్ చేయడం మాకూ నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

ఉద్దానం కిడ్నీ రోగుల గురించి పత్రికల్లో తరచూ ఏదో ఒక వార్త వస్తూనే ఉంటుంది. కొత్త సెంటర్ తెరిచారనో, బెడ్లు చాలడం లేదనో, టెక్నీషియన్లు లేరనో రాస్తారు. వీటితో పాటు ఇంకో విషయం కూడా చర్చకు రావాలని ఈ ఉత్తరం. రోగికీ, ఇంట్లో ఇంకొకరికీ హీమోడయాలసిస్, అంటే మిషన్‌తో రక్తాన్ని శుభ్రం చేయడం, నేర్పాలి. నేర్చుకున్నవాళ్లలో ఇల్లు అనువుగా ఉన్నవారికి ప్రభుత్వమే మిషన్ ఇవ్వాలి.

నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటాను. నాలుగు గంటల డయాలసిస్ అంటారు గానీ అది మిషన్ లెక్క. ఆటో, బస్సు, మన షిఫ్ట్ వచ్చేదాకా ఎదురుచూపు, అయ్యాక సూదులు తీసిన చోట రక్తం ఆగేదాకా అదిమి పట్టుకోవడం, ఇంటికొచ్చి మంచం మీద పడటం... రోజు అయిపోతుంది. వారంలో మూడు రోజులు ఇలా పోతే ఏ యాజమాన్యం ఎన్నాళ్లు ఊరుకుంటుంది? జీడి తోటల్లో కూలికి వెళ్లేవాళ్ల పరిస్థితి మరీ కష్టం. తోడు వచ్చే మనిషి కూలి కూడా పోతుంది. నెలకు పదివేల రూపాయల పింఛను పెద్ద ఆసరాయే, కాదనను. కానీ పోయిన పనిదినాలను అది తెచ్చివ్వదు.

మెల్‌బోర్న్‌లో ఉన్న మా చిన్నాన్న కొడుక్కీ కిడ్నీలు పోయాయి. అక్కడి ప్రభుత్వ ఆస్పత్రి అతన్ని కొన్ని వారాలు కూర్చోబెట్టి అన్నీ నేర్పింది. మిషన్ ఆస్పత్రిదే. పైపులు వేయించింది కూడా వాళ్లే. అదనపు కరెంటుకీ, నీటికీ ఏటా కొంత సొమ్ము ఇస్తారు. ఇప్పుడు వాడు రోజు విడిచి రోజు రాత్రిపూట, నిద్రలోనే, నెమ్మదిగా చేసుకుని పొద్దున ఉద్యోగానికి వెళ్తున్నాడు. తన ఫిస్టులాలో (డయాలసిస్ కోసం చేతిలో ఆపరేషన్ చేసి పెద్దది చేసిన రక్తనాళం) సూదులు తనే గుచ్చుకుంటాడని విన్నప్పుడు మా అమ్మ చెవులు మూసుకుంది.

రోజు విడిచి రోజు అన్నది చిన్న విషయం కాదు. సెంటర్లో సోమ, బుధ, శుక్రవారాలు చేయించుకునే మాకు శుక్రవారం తర్వాత మళ్లీ సోమవారమే. ఆదివారం రాత్రికి ఒంట్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది. ఈ ఎక్కువ ఎడం తర్వాతి రోజే మరణాలు ఎక్కువగా ఉంటున్నాయని 2011లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ఇంట్లో మిషన్ ఉంటే ఈ ఎడం ఉండనక్కర్లేదు.

ఇదేదో కొత్త వింత అనుకోకండి. 1960లో సియాటిల్ నగరంలో డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్ తయారుచేసిన షంట్ (చేతి రక్తనాళాల్లో ఎప్పుడూ ఉంచే గొట్టం) వల్లే ఏళ్ల తరబడి డయాలసిస్ చేయడం వీలైంది. మరో నాలుగేళ్లకే, సెంటర్లో చోటు దక్కని ఒక బడిపిల్ల కోసం అక్కడి ఇంజనీర్ ఆల్బర్ట్ బాబ్ బృందం ఇంట్లో పెట్టుకునే మిషన్ తయారుచేసింది. ఇంట్లోవాళ్లకు నేర్పి 1964లో ఇంటికి పంపారు. అంటే చోటు చాలకపోవడం వల్లే అక్కడ ఇంటి డయాలసిస్ మొదలైంది. చోటు చాలకపోవడం ఏమిటో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మన దేశంలో కూడా పెద్ద నగరాల్లో ఇంటి దగ్గర హీమోడయాలసిస్ ఉంది. ప్రైవేటు కంపెనీ మిషన్ పెట్టి, ప్రతిసారీ టెక్నీషియన్‌ను పంపుతుంది. డబ్బున్నవాళ్లకు అది సౌకర్యమే. నేను అడుగుతున్నది అది కాదు. పని మా చేతికి రావాలి.

నేర్చుకోవాల్సినవి ఏమిటి? బరువు చూసుకుని డ్రై వెయిట్‌ను (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) బట్టి ఎంత నీరు తీయాలో లెక్కగట్టడం, లైన్లు బిగించి సెలైన్‌తో కడిగి గాలి లేకుండా చేయడం, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మోతాదు, ఫిస్టులా శుభ్రం చేసి సూదులు వేయడం, బీపీ పడిపోతే ఏం చేయాలి, ఏ అలారం ఎందుకు మోగింది, కరెంటు పోతే పంపును చేత్తో తిప్పి రక్తాన్ని ఒంట్లోకి ఎలా పంపాలి. చెయ్యి మడిస్తే మిషన్ అరుస్తుందని ఇప్పటికే మాలో అందరికీ తెలుసు. అయినా అలారం మోగితే వేరే బెడ్ దగ్గరున్న టెక్నీషియన్ వచ్చేదాకా బిక్కుబిక్కుమంటూ చూడటమే మా పని. నేను వెళ్లే సెంటర్లో తమ డ్రై వెయిట్ ఎంతో తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు.

ప్రమాదం లేదా అంటే ఉంది. రక్తం నిమిషానికి 300 మిల్లీలీటర్ల చొప్పున తిరుగుతున్నప్పుడు తిరిగి ఒంట్లోకి పంపే సూది ఊడితే కొద్ది నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే టేపు వేసే పద్ధతి దగ్గర్నుంచీ నేర్పుతారు, సూది దగ్గర తడి తగిలితే మోగే పరికరం పెడతారు. పరీక్ష పెట్టి, పాసైతేనే పంపాలి. ఒంటరిగా ఉండేవాళ్లు, బీపీ తరచూ పడిపోయేవాళ్లు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు సెంటర్లోనే ఉండాలి.

నీళ్ల సంగతి ఇంకా గట్టిది. మిషన్‌లో రక్తాన్ని శుభ్రం చేసే ద్రావణం నిమిషానికి అర లీటరు లెక్కన నాలుగు గంటలకు 120 లీటర్లు కావాలి, అదీ ఆర్వోలో శుద్ధి చేసినది. ఆర్వో వదిలేసే నీరు అదనం. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీరు తెచ్చే పథకం ఉంది గనుక మాట్లాడటానికైనా ధైర్యం వస్తోంది. ఇంటింటి నీటినీ పరీక్షించక తప్పదు. ఇక కరెంటు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కొబ్బరి చెట్లతో పాటు స్తంభాలూ కూలి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు ఇంట్లో చేసుకునేవాళ్లకు సెంటర్లో బెడ్ ఇస్తామన్న హామీ ముందే ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం డబ్బు ఎటు పోతుందన్నది. 1973లో అమెరికా ప్రభుత్వం డయాలసిస్ ఖర్చు భరించడం మొదలుపెట్టే నాటికి అక్కడి రోగుల్లో సుమారు 40 శాతం మంది ఇంట్లోనే చేసుకునేవారు. ఆ తర్వాత సెంటర్లు పెరిగాయి, ఇంట్లో చేసుకునేవాళ్ల వాటా పడిపోయింది. ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) నుంచి సెంటర్‌కు వెళ్లే సొమ్మును ఇంటికి కావలసిన సరుకులకూ, నేర్పే నర్సుకూ వాడే దారి లేకపోతే ఇక్కడా అదే జరుగుతుంది. జాతీయ డయాలసిస్ కార్యక్రమంలోకి 2019లో పొట్ట ద్వారా చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్‌ను కేంద్రం తెచ్చింది. అదీ రోగి ఇంట్లో సొంతంగా చేసుకునేదే. ఒక పద్ధతికి ఒప్పుకున్నప్పుడు రెండోదానికి అడ్డేమిటి?

2023 డిసెంబరులో ప్రారంభమైన పలాస కిడ్నీ ఆస్పత్రిలో ఒక గది, రెండు మిషన్లు, నేర్పడం తెలిసిన ఒక నర్సుతో మొదలుపెట్టవచ్చు. ఇల్లు అనువుగా లేనివాళ్లు కూడా వచ్చి నేర్చుకోవాలి. సెంటర్లోనే తమ పని తాము చేసుకుంటే టెక్నీషియన్ మీద భారం తగ్గుతుంది. బ్యాచ్ వేసవి సెలవుల్లో పెడితే నాలాంటివాళ్లకు వీలు.

ఇట్లు,
ఒక డయాలసిస్ రోగి,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా