మాస్టారి పుస్తకంలో నా పేజీ

ఒరే బుల్లోడా,

ముందు తిట్లు అయిపోనీ. దసరా నుంచి రాస్తా రాస్తా అంటున్నా, నీ ఫోన్లు ఎత్తలేదు, పాప ఫొటోకి ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నా, మీ ఆవిడ ఏమనుకుందో ఏమో, సారీ చెప్పు. ఈ సంగతి ఫోన్లో చెప్తే నువ్వు మధ్యలోనే నవ్వడం మొదలెట్టి అసలు చోటుకి రానివ్వవు, అందుకే కాగితం పట్టా.

ఇంట్లో అందరూ బానే ఉన్నారు. అమ్మకి షుగరు కంట్రోల్లోనే ఉందట, లడ్డూల డబ్బా మాత్రం దానంతటదే ఖాళీ అవుతోంది. పైడితల్లమ్మ సిరిమాను పండగ బాగా జరిగింది, నేను ఈసారి మూడు లాంతర్ల దగ్గర జనంలోకి దిగలేదు, ఎవడైనా కాలు తొక్కుతాడని భయం, మేడ మీంచే దణ్ణం పెట్టుకున్నా. అయ్యకోనేరు గట్టు మీద నీ ఘనకార్యం ఇంకా ఎవడూ చెరపలేదు. చిన్నాన్న కూతురి పెళ్ళి మాఘంలో, కుర్రాడిది నరసన్నపేట. అంతే, వార్తలు సమాప్తం.

ఇప్పుడు అసలు కథ. పెళ్ళికి బట్టలు కుట్టించాలి కదా, రెడీమేడ్ అంటే మా నాన్న ఒప్పుకోడు, నీకు తెలుసు. ఆయనే గుడ్డ కొనుక్కొచ్చి నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని గంటస్తంభం దగ్గర మన పాత మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళాడు. అవున్రా, టెన్త్ ఫేర్‌వెల్‌కి మనిద్దరికీ సఫారీలు కుట్టిన మాస్టారే, స్టేజీ మీద నువ్వు చెయ్యెత్తినప్పుడు ఏం జరిగిందో ఇక్కడ రాయను, మీ ఆవిడ చదువుతుందేమో. నన్ను కింద దించి నువ్వు పైకెళ్ళు, నేను అరటికాయలు కొనుక్కొస్తా అన్నాడు నాన్న. మెట్లు ఎక్కా. మెట్లు ఎక్కడం ఇప్పుడు పర్లేదు, దిగడమే కొంచెం పట్టేస్తుంది, పొద్దున్న చలికి మరీను.

ఆగు, ఇక్కడ ఒకటి చెప్పాలి. ఊళ్ళో నా కాళ్ళ మీద రెండు కథలు నడుస్తున్నాయి. నాది నిజం కథ, ఎవరైనా అడిగితే కాళ్ళు పొడుగు చేయించుకున్నా అని చెప్పేస్తా. కానీ ఎవడూ పూర్తిగా విననివ్వడు, "ఎముక కోసి" అనగానే మొహం అటు తిప్పేస్తారు, ఆ తర్వాత వచ్చే ప్రశ్న ఒక్కటే, ఎందుకు. ఎందుకురా బాబూ, నువ్వేం తక్కువగా ఉన్నావని, దేవుడిచ్చింది చాలదా, ఆ డబ్బుతో సైటు కొనుక్కోకపోయావా. (ఎంతయిందో ఇక్కడ రాయను, నాన్న చూస్తే మళ్ళీ బీపీ.) ఎందుకు అంటే ఏం చెప్తాంరా. స్కూలు అసెంబ్లీ లైన్లో పదేళ్ళు ముందు నిలబడ్డవాడికి... వదిలేయ్, నీకు చెప్పాలా, నా వెనకే నిలబడేవాడివి.

రెండోది నాన్న కథ. బైక్ యాక్సిడెంట్. ఏడాదిగా ఎవరడిగినా అదే. అమ్మ ఏ కథా చెప్పదు, ఎవరైనా అడిగితే వంటింట్లోకి వెళ్ళిపోతుంది. 2016లో హైదరాబాద్‌లో ఎవరో కుర్రాడు ఇంట్లో చెప్పకుండా ఈ ఆపరేషన్ చేయించేసుకున్నాడని టీవీల్లో గొడవ గొడవ చేశారు చూడు, అమ్మకి అదే గుర్తు, నేను ముందే చెప్పి చేయించుకున్నా సరే, టీవీలో మా ఇల్లు చూపిస్తారేమో అన్నట్టు ఉంటుంది ఆవిడ. ఇక మా మామ్మ సంగతి వేరు. "పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు, వీడికున్న బుద్ధి కాస్తా మోకాల్లోకి జారిపోయింది, అక్కడికే కోయించేసుకున్నాడు" అంటుంది వచ్చినవాళ్ళందరితోనూ. నిజం చెప్పాలంటే అందరికంటే మామ్మే నయం, నవ్వుకుని పని చూసుకోవచ్చు.

సరే షాపు. మాస్టారు అలాగే ఉన్నారు, మెడలో టేపు, చెవిలో సుద్దముక్క. కాజాలు కుట్టే కుర్రాడొకడు, భార్య జాకెట్టు కోసం కూచున్న పెద్దమనిషొకాయన, చీరకి ఫాల్ వేయించుకోడానికి వచ్చిన ఒకావిడ. మాస్టారు నన్ను పోల్చుకుని పొడుగాటి పుస్తకం తీసి నా పేజీ పట్టేశారు. ఒరే, మన కొలతలన్నీ ఉన్నాయిరా అందులో! కొత్త కొలత తీసి పాతదానితో చూసుకుంటాట్ట, ఒళ్ళొచ్చిందా తగ్గిందా అని. నడుం చెప్పారు, కుర్రాడు రాశాడు. సీటు, తొడ, రాశాడు. పొడుగు దగ్గర ఆగిపోయారు. మళ్ళీ పట్టారు. మళ్ళీ ఇంకోసారి. పుస్తకం తెమ్మని కళ్ళజోడు పైకెత్తి చూశారు.

"బాబూ, ఇందులో ముప్ఫయ్యేడు ఉంది. ఇప్పుడు ముప్ఫై తొమ్మిదిన్నర వస్తంది. ఏటిది?"

నేను నోరు తెరిచేలోపే నేల మీద కూచుని నడుం నుంచి మోకాలికి ఒకసారి, మోకాలి నుంచి మడమకి ఒకసారి టేపు పెట్టారు. "మోకాలు ఉన్నకాడే ఉంది. కిందే పెరిగింది. మీ నాన్నగారు యాక్సిడెంటన్నారే? యాక్సిడెంటయితే ఒక కాలు కురచయిపోద్ది గానీ రెండు కాళ్ళూ సమానంగా రెండున్నర అంగుళాలు పెరిగిపోతాయేటి? నా టేపు అబద్ధం సెప్పదు బాబూ."

షాపంతా నా కాళ్ళ వైపే. సరే అని చెప్పేశా, కాళ్ళు పొడుగు చేయించుకున్నా మాస్టారూ, ఆపరేషన్. ఇప్పుడు ఎందుకు అంటారని చూస్తున్నా. ఆయనేమన్నారో తెల్సా?

"ఎలగ?"

ఒరే, ఇన్నాళ్ళలో మొదటిసారి ఒక మనిషి నన్ను ఎలా అని అడిగాడురా. నాకు ఒళ్ళు తెలీలేదు. స్టూలు లాక్కుని కూచుని మొత్తం చెప్పా. మోకాలి కింద రెండు ఎముకలూ కోస్తారని, పెద్ద ఎముక లోపల రాడ్డు వేసి, బయట నుంచి రింగులు బిగిస్తారని, వారం రోజులు ఏమీ కదపకుండా వదిలేసి ఆ తర్వాత నట్లు తిప్పడం మొదలెడతారని, పావు మిల్లీమీటరు చొప్పున రోజుకి నాలుగుసార్లు.

మాస్టారు అన్నారు, "అంటే పట్టీ ఇప్పి పొడుగు దించినట్టు." కాదు మాస్టారూ, పట్టీలో అయితే గుడ్డ ముందే మడత పెట్టి ఉంటుంది, ఇక్కడ ఏమీ లేదు, రెండు ముక్కల మధ్య ఖాళీయే ఉంటుంది, ఆ ఖాళీలో కొత్త ఎముక వస్తుంది అన్నా. ఆయన ఒక్క క్షణం ఆగి "అయితే అది నేసుకుంటాదన్నమాట" అన్నారు. వాళ్ళది పొందూరు వైపట, తాతగారికి మగ్గం ఉండేదట. "మరి తొందరగా లాగీస్తే?" అన్నారు. పోగు తెగినట్టే అన్నా, ఎముక అతకదు. "మరీ నిమ్మళంగా లాగితే?" మధ్యలోనే గట్టిపడిపోయి ఇంక సాగదు. తల ఊపారు, ఎంత బాగా ఊపారో, డాక్టరు దగ్గర నేనూ అంత బాగా ఊపలేదు. అసలు బాధ ఎముకది కాదు మాస్టారూ, కండా నరాలదీ, అవి వెనకబడిపోతాయి, పిక్క బిగుసుకుపోయి మడమ నేలకి ఆనదు, అందుకే ఫిజియో, ఏడ్చినా ఫిజియోయే అన్నా. ఫాల్ ఆవిడ అయ్యయ్యో అంది. పిన్నుల చుట్టూ రోజూ క్లీన్ చేసుకోడం, చీము పట్టి యాంటీబయాటిక్స్ మింగడం కూడా చెప్పబోయి ఆవిణ్ణి చూసి ఆపేశా.

"మరి చేతులకి లేదేటి?" అన్నాడు కాజాల కుర్రాడు. చేతులకీ చేస్తారు గానీ నేను చేయించుకోలేదు బాబూ అంటే మాస్టారు "అయితే చొక్కా పాత కొలతే" అని రాసేసుకున్నారు. అదీ ఆయన దిగులు!

ఇదిగో ఇక్కడ. నేను "అలా రోజుకి ఒక మిల్లీమీటరు" అంటున్నా, వెనక నుంచి "ఒకటి కాదు" అని వినపడింది. చూస్తే నాన్న, చేతిలో అరటికాయల సంచి. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలీదు. నా గుండె జారిపోయింది, యాక్సిడెంట్ కథ ఆయన ముందే పోయిందని. ఆయనేమో నా వైపు చూడకుండా మాస్టారితో, "మూడో వారం నుంచి ముప్పావే. పాదం తిమ్మిరెక్కుతోందని డాక్టరు గారు తగ్గించారు. వీడికి గుర్తుండదు" అని జేబులోంచి ఎల్ఐసీ డైరీ తీశాడు. ఒరే, రాసుకున్నాడురా! ముప్ఫయ్యేళ్ళు ట్రెజరీలో లెక్కలు రాసిన మనిషి, ఏ పూట ఏ నట్టు తిప్పామో, ఎడమ కాలు, కుడి కాలు, రెండు కాలమ్స్, కింద టోటల్ 65 మిల్లీమీటర్లు. తిప్పింది కూడా ఆయనేగా, స్పానర్ పట్టుకుని, అలారం పెట్టుకుని లేచి. ఈ ఆపరేషన్‌కి ఒక్కసారి సరే అనలేదు తెలుసా, ఈ రోజుకీ అనలేదు. నాకది అప్పుడు... సరే, మళ్ళీ ఎప్పుడైనా.

ఇంక ఆయన్ని ఆపేవాడెవడు. జాకెట్టు పెద్దమనిషి పక్కన కూచుని మొదలెట్టాడు. సైబీరియాలో కుర్గాన్ అనే ఊళ్ళో ఇలిజరోవ్ అని డాక్టరు ఈ రింగుల పద్ధతి కనిపెట్టాడు, 1950ల్లో, యుద్ధంలో దెబ్బలు తిన్నవాళ్ళ కాళ్ళు అతికించడానికి, అందం కోసం కాదు (ఇది నా వైపు చూసి అన్నాడు). ఒక పేషెంటు నట్లు బిగించమంటే పొరపాటున అటువైపు తిప్పేశాట్ట, ఎముకలు దూరం జరిగి మధ్యలో కొత్త ఎముక కనిపించిందట, అలా తెలిసిందంటారు. వలేరీ బ్రూమెల్ అని హైజంప్ వాడు, 1963లో 2.28 మీటర్ల వరల్డ్ రికార్డు, 1964 టోక్యోలో గోల్డ్, ఆ మరుసటేడే మోటారు సైకిల్ యాక్సిడెంట్‌లో కాలు నుజ్జు, ఎన్ని ఆపరేషన్లయినా అతకలేదు, చివరికి ఇలిజరోవ్ దగ్గరికెళ్తే బాగై మళ్ళీ దూకాడు. నేను నోరు తెరుచుకుని వింటున్నా, హాస్పిటల్లో నేను మూలుగుతుంటే ఈయన ఫోన్లో చదివింది ఇదన్నమాట.

మాస్టారు సుద్దముక్క కింద పెట్టి చాలా మర్యాదగా అడిగారు. "అయితే బాబుగారూ, ఆ మోటారు సైకిల్ యాక్సిడెంటూ..."

నాన్న డైరీ మూసి, "అది ఆయనది" అన్నాడు.

షాపు పేలిపోయిందిరా! కాజాల కుర్రాడు మెషీన్ మీద పడి నవ్వాడు. ఏడాది పాటు ఊరంతటికీ ఒలింపిక్ గోల్డ్ మెడలిస్ట్ యాక్సిడెంట్ నాకు అంటగట్టాడ్రా మా నాన్న!

ఆయన మాత్రం నవ్వలేదు. ఎందుకంటే అప్పుడే మాస్టారు గుడ్డ కొలిచి, "బాబుగారూ, తెచ్చిన గుడ్డ పాత లెక్కన తెచ్చీసినారు, మీటరు పది సరిపోదు, ఇంకో పది పాయింట్లుండాల" అన్నారు. నాన్న ఆ గుడ్డ వైపు కాసేపు చూశాడు. ఏమీ అనకుండా మళ్ళీ మెట్లు దిగి గుడ్డల షాపుకి వెళ్ళాడు. అదే రంగు దొరకలేదు, వేరే తెచ్చాడు, కొంచెం ముదురు నీలం, బాగానే ఉంది.

ఇంటికొస్తూ కోట దగ్గర సిగ్నల్ లేని చోట స్కూటర్ ఆపి, "ఇంక యాక్సిడెంటని చెప్పక్కర్లేదులే" అన్నాడు. నేను సరేనన్నా. "మధురవాడలో అయిందని కొందరికి చెప్పా, ఆనందపురంలో అని కొందరికి. ఎవరికేది చెప్పానో రాసుకోలేదు" అన్నాడు.

పెళ్ళిలో నరసన్నపేట వాళ్ళందరికీ ఆయనే చెప్తాడేమో ఇప్పుడు డైరీ పట్టుకుని, అదొక భయం. నాకైతే కింద కూచుని భోజనం చెయ్యడం ఇంకా కుదరట్లేదు, నా కోసం ఒక కుర్చీ బల్లా చూడమని చిన్నాన్నకి చెప్పా, అక్కడ మళ్ళీ ఎందుకు, ఎందుకు అని అరవై మంది. పరుగు ఇంకా రాలేదు, వస్తుందంటున్నారు. ఒకటి మాత్రం, మీ ఆఫీసులో ఆ కుర్రాడు నా నంబరు అడిగాడన్నావు కదా, ఇవ్వు, కానీ ముందు వాడికి నట్లు తిప్పే మనిషి ఎవరున్నారో కనుక్కో, లేకపోతే ఇవ్వకు. ఎత్తు సంగతి తర్వాత మాట్లాడతా వాడితో

అయ్యో, మీ బావ వచ్చేశాడు, కింద హారన్ కొట్టేస్తున్నాడు, విశాఖ ఫ్లైట్‌కి టైమైపోతోందట. అసలుది మర్చిపోయా, మాస్టారి పుస్తకంలో నీ పేజీ కూడా చూశా, నీ సఫారీ కుట్టుకూలి ఇంకా బాకీయేనట, పక్కన ఎర్ర ఇంకుతో మీ నాన్న పేరు కూడా రాసుంది, ఏంట్రా ఆ కథ, ఫోన్ చెయ్, వస్తున్నా బావా వస్తున్నా