పిల్లలకు మక్కా మసీదునూ చూపించండి

సంపాదకులకు,

ఆర్యా,

జిల్లాల నుంచి విజ్ఞాన యాత్రకు వచ్చే పాఠశాలల బస్సులు పాతబస్తీలో ఆగడం, పిల్లలు చార్మినార్ ముందు ఫొటోలు దిగి, లాడ్ బజారులో గాజుల దుకాణాలు చూసి, ఆ తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియానికో జూపార్కుకో తరలిపోవడం ఈ ప్రాంతానికి రాకపోకలున్న వారందరికీ తెలిసినదే. చార్మినార్‌కు కూతవేటు దూరంలో ఉన్న మక్కా మసీదు ఆవరణలోకి మాత్రం వారిలో చాలామంది అడుగు పెట్టరు. యాత్రా కార్యక్రమంలో ఆ కట్టడానికి చోటు ఇవ్వాలనీ, దాని చరిత్రను అక్కడే తెలుగులో చెప్పే ఏర్పాటు చేయాలనీ సంబంధిత శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఈ నగర చరిత్రలోని మూడు పాలనలు ఒకే ఆవరణలో కనిపించే చోటు మక్కా మసీదు. 1617 ప్రాంతంలో మహమ్మద్ కుతుబ్ షా దీని నిర్మాణాన్ని ప్రారంభించగా, ఆయన తర్వాత అబ్దుల్లా కుతుబ్ షా, తానీషా కాలాల్లోనూ పని సాగుతూనే ఉంది. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించి కుతుబ్ షాహీల రాజ్యాన్ని అంతం చేశాడు గానీ, వారు మొదలుపెట్టిన మసీదును అసంపూర్తిగా వదిలేయలేదు. 1694లో అది మొఘల్ ఏలుబడిలో పూర్తయింది. ఒక రాజవంశం వేసిన పునాది మీద దాన్ని కూలదోసిన చక్రవర్తి పని ముగించాడన్న ఈ ఒక్క విషయం చాలు, తరగతి గదిలో తేదీలుగా బట్టీపట్టిన పాఠం పిల్లల కళ్లముందు నిలవడానికి. ఇక ఆవరణలో దక్షిణం వైపు కమానుల కింద ఉన్న సమాధులు అసఫ్ జాహీలవి. రెండవ నిజాం నుంచి 1911లో మరణించిన ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా వరకు అక్కడే ఉన్నారు. మొదటి నిజాం సమాధి ఖుల్దాబాద్‌లోనూ, ఏడవ నిజాం సమాధి కింగ్ కోఠి ఎదుట జూడీ మసీదులోనూ ఎందుకున్నాయని ఏ విద్యార్థి అయినా అడిగితే ఉపాధ్యాయునికి అంతకన్నా మంచి అవకాశం ఉండదు.

రాతిపని సంగతి వేరే చెప్పాలి. పదిహేను కమానులు ఐదేసి చొప్పున మూడు వరుసలుగా మోస్తున్న ఆ ప్రార్థన మందిరం సుమారు 75 అడుగుల ఎత్తున, పదివేల మంది ఒకేసారి నమాజు చేసుకోగలిగినంత విశాలంగా ఉంటుంది. నిర్మాణం సాగుతున్న రోజుల్లో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, ప్రార్థన గూడు కోసం తెచ్చిన ఒక్క బండను తొలవడానికే ఐదారువందల మందికి ఐదేళ్లు పట్టిందనీ, దాన్ని లాగడానికి 1400 ఎద్దులు కావలసి వచ్చాయనీ రాశాడు. పని పర్యవేక్షించిన వారిగా మీర్ ఫైజుల్లా బేగ్‌తో పాటు రంగయ్య చౌదరి పేరు కూడా చెబుతారు. ఆ రెండో పేరు వింటే మన ఊళ్ల పిల్లలు తప్పక తల తిప్పి చూస్తారు. కానీ వెంట వచ్చే గైడ్లు కొందరు, ఆవరణలోని రాతి బల్ల మీద కూర్చున్నవారు మళ్లీ ఈ ఊరికి వస్తారన్న నమ్మకం ఒక్కటి చెప్పి, అందరినీ దాని మీద కూర్చోబెట్టి పంపేస్తున్నారు. ముచ్చటైన కథే, కాదనను. అంతటితో సరిపెట్టడమే బాగాలేదు.

ఇతర మతస్థులను లోపలికి రానివ్వరన్న అపోహ మన కుటుంబాల్లో చాలా గట్టిగా ఉంది. నమాజు వేళలు కాని సమయంలో, పాదరక్షలు విడిచి, ఒంటి నిండా బట్టలతో వెళ్లే సందర్శకులకు ఆవరణలో అడ్డంకి లేదు. 2007 మే 18న శుక్రవారం ప్రార్థనల సమయంలో జరిగిన బాంబు పేలుడు తర్వాత ద్వారం దగ్గర తనిఖీ తప్పనిసరి అయింది. దానికి ఎవరూ నొచ్చుకోనక్కరలేదు. ప్రార్థన స్థలం పర్యాటక స్థలం కాకూడదనే వారి మాటలోనూ న్యాయముంది. రీల్స్ తీసుకునేవారి గోలలో నమాజు సాగకూడదు. అందుకే శుక్రవారాలు, రంజాన్ మాసం మినహాయించి, మిగిలిన రోజుల్లో రెండు నమాజుల మధ్య నిర్ణీత సమయాన్ని పాఠశాలలకు కేటాయించడం మంచిది.

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. మసీదు నిర్వహణ చూసే మైనారిటీ సంక్షేమ శాఖ, పురావస్తు శాఖ కలిసి పైన చెప్పిన వివరాలను తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషల్లో పిల్లలకు అర్థమయ్యే మాటలతో ఒక శిలాఫలకం మీద చెక్కించవచ్చు. విద్యాశాఖ తన వంతుగా యాత్రా స్థలాల జాబితాలో మసీదును చేర్చి, సందర్శన సమయాన్ని పాఠశాలలకు ముందుగా తెలియజేస్తే, బస్సు ఏ వేళకు పాతబస్తీ చేరాలో ఉపాధ్యాయులు దాన్నిబట్టి నిర్ణయించుకోగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మలక్‌పేట, హైదరాబాద్.