కనిగిరి మిల్లు అన్నకు, ఇంకొందరికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మాది కనిగిరి. నాకు సీలియాక్ అనే, గోధుమ పడని పేగు జబ్బు ఉందని తెలిసి మొన్న సంక్రాంతికి 2 ఏళ్లయింది. నిన్న ఒంగోలులో ఎముకల స్కాన్ రిపోర్టు తీసుకున్నాను. అప్పటికంటే ఎముకలు గట్టిపడ్డాయి. ఆ కాగితం పట్టుకుని బస్సులో కూర్చుంటే ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఎదురుగా చెప్పబోతే ఏడుపొచ్చేస్తుంది, అందుకే రాస్తున్నాను.

మా వైపు నడుం నొప్పి అంటే ఫ్లోరైడ్ నీళ్లే అంటారు. ఆ నీళ్లతో నడుములు వంగిపోయినవాళ్లు మా చుట్టుపక్కల నిజంగానే ఉన్నారు. అందుకే నా నొప్పిని ఎవరూ వేరుగా చూడలేదు. రక్తం ఎప్పుడూ 7, 8 దగ్గరే. ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగాను. రెండుసార్లు గర్భం నిలవలేదు. మా ఆయనకు షుగర్ వచ్చాక రాత్రిపూట అన్నం మానేసి ఇంటిల్లిపాదీ చపాతీలకు మారాం. అప్పటినుంచి నేను మరీ చిక్కిపోయాను. "రాత్రి ఏం తింటున్నావమ్మా?" అని అడిగింది ఒంగోలు డాక్టరమ్మ ఒక్కరే. రక్తపరీక్ష అయ్యేదాకా చపాతీ మానొద్దని, మానేస్తే జబ్బు పరీక్షకు దొరక్కపోవచ్చని కూడా ఆవిడే చెప్పారు. తర్వాత ఎండోస్కోపీ చేసి, పేగులోంచి చిన్న ముక్క తీసి చూసి ఖాయం చేశారు. అమ్మా, మీకు చేతులెత్తి దండం.

గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక, ఒంట్లోని రక్షణ శక్తే చిన్నపేగు లోపలి నూగును అరగదీస్తుందట. నూగు పోతే ఇనుము, కాల్షియం ఒంటికి పట్టవు. అలాగే ఏళ్లు గడిస్తే ఎముకలు గుల్లబారతాయి, గర్భం నిలవడం కష్టమవుతుంది, అరుదుగా పేగులో లింఫోమా అనే క్యాన్సర్ కూడా వస్తుంది. పైకి ఏ బాధా లేకపోయినా లోపల నష్టం జరుగుతూనే ఉండొచ్చు. ఇది విన్న రాత్రి నాకు నిద్ర లేదు. దీనికి జీవితాంతం తిండి జాగ్రత్తే మందు.

చపాతీ మానేసి రాగిసంగటి, సజ్జరొట్టెలకు మారినా, ఆరు నెలల తర్వాత రక్తపరీక్షలో ఈ జబ్బును చూపే అంకె అనుకున్నంత దిగలేదు. నా రాగులు పట్టించేది గోధుమలు పట్టే మిల్లులోనే అని అప్పుడు తట్టింది. మా బజారు మిల్లు అన్నకు సంగతి చెప్పాను. ఆయన పెద్దగా చదువుకోలేదు, ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఆ సోమవారం నుంచి పొద్దున్నే మర విప్పి, రాళ్లు దులిపి, గుడ్డ సంచి మార్చి, ముందు రెండు గుప్పెళ్ల రాగులు ఆడించి వాళ్ల గేదెకు పోసి, ఆ తర్వాత నావి పడుతున్నాడు. అప్పటినుంచి ఒక్క వారం తప్పలేదు, రూపాయి ఎక్కువ తీసుకోలేదు. అన్నా, ఈ రిపోర్టులో సగం నీదే.

ఇంగువ డబ్బా మీద చదివి మైదా కలిసిందని చూపించిన కిరాణా కొట్టు తమ్ముడికి, ఎండాకాలం మా ఇంట్లో బార్లీ నీళ్లు మాన్పించి సబ్జా నానబెట్టిన మా అమ్మకు కూడా కృతజ్ఞతలు. తోబుట్టువుల్లో, పిల్లల్లో 10 మందిలో ఒకరికి ఇది ఉండొచ్చంటే, ఏ నొప్పీ లేకపోయినా మా తమ్ముడు నా మాట విని పరీక్ష చేయించుకున్నాడు. వాడికీ ఉంది. ఎముకలు అరగకముందే దొరికింది.

మా వదినకు చివరగా. సంక్రాంతికి అందరి పూరీలకంటే ముందు, కొత్త మూకుడులో కొత్త నూనె పోసి నాకు అరిసెలు వండింది. ఎన్నాళ్లకో నలుగురితో పాటు కూర్చుని భయం లేకుండా తిన్నాను వదినా.