కోడూరు కొండవాలు, నీ మూడెకరాల మన్ను

తిరుపతి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

ఫోన్లో చెప్తే సగం నీకు వినపడదు, మిగతా సగం నువ్వు వినవు. అందుకే ఉత్తరం. పొద్దున్నే బయల్దేరి కోడూరు దాటి, నువ్వు కొందామనుకుంటున్న ఆ మూడెకరాలు చూసొచ్చాను. మా బావమరిది బండి, వాడి గడ్డపార, నా నడుము, మూడూ ఒక్కరోజులో అరిగిపోయాయి. ఈ ఖర్చు నీ లెక్కలో రాసుకో.

అమ్మే ఆయన మమ్మల్ని చూడగానే మొదలుపెట్టాడు: "ఎర్ర బంక సార్, బంగారం, ఏది పెట్టినా వస్తుంది." బంక అన్నమాట నిజమే. కింది వైపు పిడికెడు మన్ను తీసి తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బనులా సాగదీశాను. రెండున్నర సెంటీమీటర్ల లోపే తెగితే అది లోమ్ నేల, అంటే ఇసుక, ఒండు, బంక కలిసిన మన్ను, ఐదు దాటితే బంక. ఇది ఆరు దాకా వేలాడింది. ఆయన 'చెప్పానా లేదా' అన్నట్టు చూశాడు. సరే అని నేను గడ్డపార తీసుకుని పై వాలుకు నడిచాను. అక్కడినుంచి ఆయన ముఖం కొంచెం మారింది.

ముందు కింద ఉన్న రాయి సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది నీకు ఎక్కదు. అది షేల్. కోట్ల ఏళ్ళ కిందట నీళ్ళ అడుగున పేరుకున్న సన్న బురద, పైబరువుకు అదిమి అదిమి పొరలు పొరలుగా గట్టిపడితే వచ్చే రాయి. జియాలజీ వాళ్ళు దీన్ని పుల్లంపేట షేల్ అంటారు. అవును, మన పుల్లంపేటే, రాజంపేట బస్సులో నువ్వు ఎప్పుడూ నిద్రపోతూ దాటే ఊరు. మంగంపేట ముగ్గురాయి దొరికేది కూడా ఈ వరస రాళ్ళలోనే. తిరుమల మీద గోడల్లా నిలబడింది క్వార్ట్‌జైట్, అంటే ఇసుక గట్టిపడిన రాయి. అది అరగదు, కాబట్టి కొండయింది. షేల్ మెత్తన, కాబట్టి అరిగి లోయలూ వాలులూ అయింది. ఘాట్ రోడ్డులో 'ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ' అని ఒక బోర్డు ఉంటుంది, గుర్తుందా, దాని ముందు నిలబడి వేరుశనక్కాయలు తిన్నాం. కింది గ్రానైటుకీ పైనున్న క్వార్ట్‌జైటుకీ మధ్య 80 కోట్ల ఏళ్ళ లెక్క గల్లంతయిన చోటు అది. ఆ పొట్టు అక్కడే పారేశావు కూడా.

షేల్‌ను ఇంకా బలంగా అదిమితే పలక అవుతుంది. మనం బలపంతో అఆలు దిద్దిన మార్కాపురం పలక ఈ రాయికి దాయాదే, నల్లమల వరస రాళ్ళలోదే. గుమ్మానికి వేసుకునే నాపరాయి మాత్రం వేరు, అది సున్నపురాయి. తేడా తెలియాలంటే నిమ్మకాయ పిండు. నాపరాయి సన్నగా బుడగలు కక్కుతుంది, ఈ షేల్ ఊరుకుంటుంది. నేను పిండి చూశాను, ఊరుకుంది. ఇంకొకటి, షేల్ ముక్క మీద గట్టిగా ఊది వాసన చూడు, తొలకరి వానకు తడిసిన మట్టి వాసన వస్తుంది. అది ఇంకా తన బురద జన్మ మర్చిపోలేదు.

అందుకే ఇది చివికితే బంకమన్ను అవుతుంది. బంక అందులో ముందే ఉంది, కొత్తగా పుట్టక్కర్లేదు. బంక రేణువంటే 0.002 మిల్లీమీటరు కంటే సన్నది. దానికంటే కొంచెం లావు ఒండు రేణువులు కూడా షేల్‌లో దండిగా ఉంటాయి. వాన పడి ఎండితే పైన అప్పడంలా పెచ్చు కట్టేది వాటివల్లే.

నువ్వు అడిగావు కదా, "బంక అంటే మీ నాయన నల్లరేగడిలాగా ఎండాకాలం పగుళ్ళిస్తుందా?" అని. ఇవ్వదు, లేదా కొంచెం ఇస్తుంది. అన్ని బంకలూ ఒకటి కావు. నల్లరేగడిలో ఉండేది స్మెక్టైట్, నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుంటుంది. షేల్‌లో ఎక్కువగా ఉండేది ఇల్లైట్, దాని పొరలను పొటాషియం బిగించి పట్టుకుని ఉంటుంది, అందుకే అంత ఉబ్బదు. ఎరువును పట్టి దాచుకునే శక్తిని కూడా కొలుస్తారు: స్మెక్టైట్‌కు 80 నుంచి 150 దాకా, ఇల్లైట్‌కు 10 నుంచి 40, బాగా కడిగేసిన నేలల్లో మిగిలే కేయొలినైట్‌కు 3 నుంచి 15. మనది మధ్యలో ఉన్న సంసారి.

ఇప్పుడు గుంతలు. మూడు తవ్వాం.

పై వాలున గడ్డపార నాలుగు వేట్లకే ఖణేల్‌మంది. జానెడు మన్ను, అందులోనూ సగం రాతి పెళ్ళలే. కింద గట్టి రాయి. నడుమన మోకాటి లోతు దాకా మన్ను ఉంది, పెళ్ళలు ఉన్నాయి, ఆ కింద మెత్తబడిన షేల్. గడ్డపారతో గుచ్చితే పొరలుగా లేస్తుంది, పారకు మాత్రం లొంగదు. కింది గుంత బాగుంది, నడుము లోతు. పైన గోధుమ రంగు, జానెడు దిగాక ఎర్రగా చిక్కబడింది. అక్కడి గడ్డ ఒకటి విరిచి ఎండకు తిప్పి చూస్తే లోపలి ముఖాల మీద మైనం పూసినట్టు మెరుపు. వాన నీళ్ళు పై పొరలోని సన్న బంకను కిందికి మోసుకొచ్చి అక్కడ పూశాయన్నమాట. ఆ మెరుపు చూసి నేను గుంతలోనే కూర్చుండిపోయాను. మా బావమరిది నాకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు.

ఎందుకంత సంబరం అంటే, నేల పేరు తేలేది అక్కడే. అమెరికా వాళ్ళ సాయిల్ టాక్సానమీ అని 1975లో వచ్చింది, మన నాగపూర్ నేలల సర్వే సంస్థ వాడేది కూడా అదే. అందులో ఇప్పుడు 12 కులాలు, అంటే పెద్ద విభాగాలు. తమాషా ఏమిటంటే ఏ రాయి నుంచి పుట్టావని అవి ముందుగా అడగవు, పుట్టాక నీకేం జరిగిందని అడుగుతాయి. అందుకే ఒక్క షేల్ మీద, ఒక్క వాలులో, నీ మూడెకరాల్లోనే మూడు పేర్లు. పై గుంతలో ఏమీ జరగలేదు, వచ్చిన మన్ను వచ్చినట్టే వానకు జారిపోతోంది, కాబట్టి ఎంటిసాల్. యాభై సెంటీమీటర్ల లోపే గట్టి రాయి తగిలింది కనుక ముందు 'లిథిక్' అని తగిలిస్తారు. నడిమిది ఇప్పుడిప్పుడే రంగూ గడ్డా కడుతోంది, ఇన్సెప్టిసాల్. కిందిది, ఆ మైనం మెరుపు వల్ల, ఆల్ఫిసాల్. పూర్తి పేరు నా అంచనాకు హాప్లుస్టాల్ఫ్. వెనకనుంచి చదవాలి: 'ఆల్ఫ్' అంటే ఆల్ఫిసాల్, 'ఉస్ట్' అంటే ఏడాదిలో చాన్నాళ్ళు ఎండి పైరు కాలానికి తడిసే నేల, 'హాప్ల్' అంటే వేరే విశేషం ఏమీ లేని సాదా మనిషి. మనకు ఇంటిపేరు ముందు, వీళ్ళకు చివర, అంతే.

ఇదే మన్ను బాగా వానలు పడే చోట ఉంటే సున్నం, మెగ్నీషియం అన్నీ కడుక్కుపోయి, మన్నులో వాటి నిండుదనం ఒక గీత కిందికి దిగితే ఆల్టిసాల్ అయ్యేది. ఆ గీత 35 శాతం. మన వానలకు అంత కడుగుడు లేదు, బతికిపోయాం. మీవాడు ఉండే పెన్సిల్వేనియాలో షేల్ కొండల మీద బెర్క్స్, వైకర్ట్ అని రెండు నేలలు ఉన్నాయి. రెండూ రాతి పెళ్ళల నేలలే, రెండూ పుల్లన, అంటే ఆమ్ల నేలలు. వైకర్ట్ మరీ పల్చన, యాభై సెంటీమీటర్ల లోపే రాయి తగులుతుంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు వాణ్ణి అడుగు, వాడికి తెలియదని నేను పందెం కాస్తా.

పెళ్ళల లెక్క కూడా తేలిగ్గా తీసుకోకు. మన్నులో రాళ్ళు 35 శాతం దాటితే పేరులో 'స్కెలిటల్' అని చేరుస్తారు, అస్థిపంజరం అన్నమాట. రాయి పెద్దగా నీళ్ళు దాచదు. ఇలాంటి మన్ను సెంటీమీటరుకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల నీళ్ళు చెట్టుకు ఇవ్వగలదనుకో. అరవై సెంటీమీటర్లకు తొంభై. అందులో సగం రాళ్ళయితే నలభై ఐదు. మే నెలలో కాయ మీదున్న మామిడికి అది పది రోజుల తిండి. పై వాలున అయితే మూడు నాలుగు రోజులకే నోరెండుతుంది. అక్కడ ఎర్రచందనం లాంటి మొండి చెట్టే నిలబడుతుంది, దానికి ఆ రాళ్ళ వాలులే పుట్టిల్లు.

అమ్మే ఆయన నీకు పంపిన మట్టి పరీక్ష కాగితం చూశాను. ఉదజని సూచిక, నత్రజని, భాస్వరం, పొటాష్ అన్నీ పచ్చగానే ఉన్నాయి. తప్పు కాగితంది కాదు. మన్ను తీసింది పైన జానెడులోంచి, అదీ కింది చేలోంచి. లోతు గురించి ఆ కాగితాన్ని ఎవరూ అడగలేదు.

నేను దెబ్బ తిన్నది కూడా అక్కడే. నా ఎకరంలో షేల్ దాకా గుంతలు తవ్వి, లోపల మెత్తటి ఎరువుమన్ను నింపి నలభై మామిడి అంట్లు పెట్టాను. 2021 నవంబరు వానలు నీకు తెలుసు, తిరుపతి వీధుల్లో కార్లు తేలాయి, చెయ్యేటి మీద అన్నమయ్య డ్యామే తెగింది. నా గుంతల చుట్టూ బంక, అడుగున రాయి. ఒక్కో గుంతా ఒక్కో బకెట్. నీళ్ళు దిగలేదు, వేర్లు కుళ్ళాయి, ముప్పై ఒక్కటి పోయాయి. ఆ తర్వాత ఒక పెద్దాయన చెప్పాడు, వాలు వైపు ఒక చిన్న కాలువ తీసి ఉంటే చాలు అని. ముందు చెప్పొచ్చుగా!

కాబట్టి నా మాట: కింది ఎకరంన్నర తీసుకో. నడిమి అరెకరం ధర తగ్గిస్తే తీసుకో. అక్కడ షేల్ పొరలు నిలువుగా ఒరిగి ఉన్నాయి, సందుల్లోకి సన్న వేర్లు దిగడం కళ్ళారా చూశాను. పొరలు పడుకుని ఉండుంటే వద్దనేవాణ్ణి. పై ఎకరం ఆయనకే వదిలెయ్. ఒకవేళ అంటగట్టినా ఇల్లు మాత్రం కట్టకు, జేసీబీతో వాలు నిలువుగా కొయ్యకు. తడిసిన బంక, కింద నున్నటి రాయి, పైన బరువు, జారడానికి ఇంకేం కావాలి? సాయంత్రం ఆ రాతి ముక్కలు కొన్ని బకెట్ నీళ్ళలో వేశాను. రెండు రాయిగానే ఉన్నాయి, మూడు ఇప్పటికే బురదయిపోయాయి. అది కూడా మీ చెల్లెమ్మ గుడ్డలు నానబెట్టే బకెట్.

మూడు గుంతల మన్నూ మూడు బాటిళ్ళలో నీళ్ళు పోసి కలిపి వంటింటి కిటికీలో పెట్టాను. ఇసుక నిమిషంలో దిగింది, బంక ఇంకా తేలుతూనే ఉంది, రెండు మూడు రోజులు పడుతుంది. శనివారం వచ్చి నువ్వే చూడు. గడ్డపార ఉంది, మనిషే లేడు. మా బావమరిది ఇక రాడట.

నీ
మామ