విరాళం చెప్పులకు పెట్టండి

సంపాదకునికి,

1999లో భర్త, ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ ఇద్దరు కొడుకులనూ సజీవ దహనం చేసినా, గ్లాడిస్ ఒడిశాలోని బారిపదలోనే ఉండి కుష్ఠు రోగుల సేవ కొనసాగించారు. ఎంత గుండె నిబ్బరం! అలాంటి సేవకు విరాళాల కోసం కొరాపుట్ నుంచి సాలూరుకు సైకిళ్లపై వచ్చేవారికి ఒక మనవి. దారిలోని సుంకి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలుతుంది. ముందు, వెనక బ్రేకులు మార్చిమార్చి వేయాలి. అరిగిన బ్రేకు రబ్బర్లు బయల్దేరకముందే మార్చాలి.

కుష్ఠు మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది. వచ్చిన విరాళం రోగులకు ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులకు పెట్టండి. కుష్ఠుతో స్పర్శ పోయిన పాదానికి ముల్లు దిగినా తెలియదు, పుండు ముదిరి వేళ్లు పోతాయి. చెప్పుకు లోపల మెత్తని రబ్బరు, కింద గట్టి సోలు, మడమ వెనక పట్టీ ఉండాలి. మేకులు అసలు కొట్టించవద్దు; కుట్టి, అతికించాలి. ప్రతి పాదానికీ కొలత విడిగా తీయించండి.

— కొందరు పాఠకులు, కొరాపుట్ జిల్లా