దావావో వచ్చేవారు ముందుగా వినవలసిన భాష

సభ్యులందరికీ నమస్కారం. వైద్యవిద్య కోసం ఫిలిప్పీన్స్‌లోని దావావో నగరానికి వస్తున్న మన విద్యార్థులు ఇక్కడి జీవనాన్ని తెలుసుకోవాలని యూట్యూబ్‌లో టగాలోగ్ పాఠాలు చూస్తున్నారు. అది మంచిదే గానీ, ఈ ఊరి వీధుల్లో ఎక్కువగా వినిపించేది బిసయా అని పిలుచుకునే సెబువానో భాష కనుక, వెతికేటప్పుడు ఆ పేరుతోనే వెతకండి. టగాలోగ్ మాట్లాడే రాజధాని మనీలాలో జీప్నీ (అందరూ ఎక్కే చిన్న బస్సు లాంటి బండి) ఆపమని ‘పారా పో’ అంటారు, అందులోని ‘పో’ మన ‘అండీ’ లాంటిది. ఇక్కడ ‘లుగార్ లాంగ్’ అంటే చాలు, బండి పక్కకు ఆగుతుంది. ఏటా మారే సెలవుల వివరాలకు ఫార్వర్డ్ సందేశాలను నమ్మకుండా, ఫిలిప్పీన్స్ అధికారిక గెజిట్‌ను ఆన్‌లైన్‌లో చూడండి. ఆగస్టులో జరిగే కదయావాన్ పంటల పండుగ నాటికి ఇక్కడ ఉండేలా ప్రయాణం పెట్టుకోగలిగితే, దూరియన్ పండు రుచి (వాసన సంగతి నేను చెప్పను) కూడా తెలుస్తుంది.