ఆపద్ధర్మ కోచ్‌గా రెండుసార్లు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

భారత ఫుట్‌బాల్ జట్టు పగ్గాలు స్వదేశీ కోచ్ చేతిలో ఉండాలా, విదేశీయుడి చేతిలో ఉండాలా అన్న చర్చ, 2025 ఆగస్టులో స్వదేశీ కోచ్ ఖాలిద్ జమీల్ నియామకం నాటి నుంచి మీ క్రీడల పుటలో అడపాదడపా సాగుతూనే ఉంది. జట్టు గెలిచిన వారం మనవాడే మేలని, ఓడిన వారం బయటివాణ్ణి రప్పించాలని పాఠకులు రాస్తున్నారు. ఈ వాదాల్లో జపాన్ ప్రస్తావన తరచూ వస్తున్నా, ఆ దేశపు జట్టును మొట్టమొదటిసారి ప్రపంచకప్‌కు చేర్చిన టకేషీ ఒకాడా పేరు ఒక్కరూ ఎత్తకపోవడం లోటుగా తోచి ఈ లేఖ రాస్తున్నాను.

ఒకాడా 1956లో ఒసాకాలో పుట్టారు. వాసెడా విశ్వవిద్యాలయంలో చదువు ముగించుకొని 1980లో ఫురుకావా ఎలక్ట్రిక్ కంపెనీ జట్టులో చేరి, పదేళ్లు డిఫెండర్‌గా ఆడారు. అప్పటికి జపాన్‌లో ప్రొఫెషనల్ లీగ్ లేదు. మన దగ్గర పోలీసు, రైల్వే, బ్యాంకు జట్లున్నట్టే అక్కడా కంపెనీల జట్లే ఉండేవి. జాతీయ జట్టు తరఫున ఆయన ఆడినవి 24 మ్యాచ్‌లు. ఆటగాడిగా ఆయన గురించి ఇంతకు మించి చెప్పనక్కరలేదు.

1997 అక్టోబరు 4న ఆల్మాటీలో కజకిస్తాన్‌తో ప్రపంచకప్ అర్హత మ్యాచ్ డ్రాగా ముగియగానే, జపాన్ ఫుట్‌బాల్ సంఘం హెడ్ కోచ్ షూ కామోను తొలగించి, ఆయన సహాయకుడూ, అప్పటివరకు ఏ జట్టుకూ హెడ్ కోచ్‌గా పనిచేయనివాడూ అయిన 41 ఏళ్ల ఒకాడాను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. రాజకీయాల భాషలో చెప్పాలంటే ఆపద్ధర్మ నియామకం. ఆ రోజుల్లో ఇంటికి బెదిరింపులు వచ్చేవని, పోలీసులు తమ ఇంటికి కాపలా కాయవలసి వచ్చిందని తర్వాతి కాలంలో ఆయనే చెప్పుకున్నారు. విదేశీ కోచ్ ఓడిపోతే విమానం ఎక్కి వెళ్లిపోతాడు. స్వదేశీ కోచ్ ఓడిపోయినా మర్నాడు అదే వీధిలో కూరగాయలు కొనుక్కోవాలి. మన చర్చల్లో ఈ తేడాను ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

నవంబరు 16న మలేసియాలోని జొహోర్ బహ్రూలో ఇరాన్‌తో జరిగిన మ్యాచ్‌లో గెలిస్తేనే నేరుగా అర్హత. రెండో సగంలో జపాన్ 1-2తో వెనుకబడినప్పుడు, దేశమంతా నెత్తిన పెట్టుకున్న కజుయోషీ మియురానూ, ఆ రోజు అప్పటికే గోల్ కొట్టిన నకయామానూ ఒకాడా ఒకేసారి వెనక్కి పిలిచారు. పక్క గీత దగ్గర ఎత్తిన బోర్డు మీద తన నంబరు చూసి, "నేనా?" అన్నట్టు మియురా తన వైపే వేలు చూపించుకున్న దృశ్యం జపాన్ అభిమానులకు నేటికీ గుర్తే. ఆ మార్పుతో లోపలికి వచ్చిన జో తలతో కొట్టిన గోల్‌తో స్కోరు సమమైంది. అదనపు సమయంలో ఆడించిన ఒకానో చేతికందిన అవకాశాలను వదులుకున్నా, 118వ నిమిషంలో గోల్‌కీపర్ ఆపిన బంతి తిరిగి రాగా జారుతూ వెళ్లి లోపలికి నెట్టాడు. అదనపు సమయంలో తొలి గోల్ కొట్టినవారిదే గెలుపన్న ఆనాటి గోల్డెన్ గోల్ నియమం ప్రకారం మ్యాచ్ అక్కడితో ముగిసింది.

ఏడు నెలల తర్వాత ఫ్రాన్స్ ప్రపంచకప్‌కు తుది 22 మందిని ప్రకటించినప్పుడు అదే మియురాను ఆయన జట్టు నుంచి తప్పించారు. జపాన్ మూడు మ్యాచ్‌లూ ఓడింది, ఒకాడా తప్పుకున్నారు. ఆ తర్వాత జపాన్ లీగులో సప్పోరో జట్టును 2000లో రెండో శ్రేణి నుంచి మొదటి శ్రేణికి చేర్చారు, యోకొహామా ఎఫ్. మారినోస్ క్లబ్బుకు 2003, 2004లలో వరుసగా లీగ్ టైటిళ్లు సాధించిపెట్టారు.

2007 నవంబరులో జాతీయ కోచ్ ఇవిచా ఒసీమ్ పక్షవాతంతో పడిపోగా సంఘం మళ్లీ ఒకాడానే పిలిచింది. రెండోసారీ ఆపద్ధర్మమే. ప్రపంచకప్‌లో సెమీఫైనల్ చేరడం తన లక్ష్యమని ఆయన ప్రకటిస్తే నవ్వినవారే ఎక్కువ. 2010 మే 24న సైతామాలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాక, పదవిలో కొనసాగమంటారా అని సంఘం అధ్యక్షుణ్ణి అడిగే దాకా వచ్చింది పరిస్థితి. టోర్నీకి మూడు వారాలు కూడా లేని ఆ దశలో ఆయన గోల్‌కీపర్‌నూ కెప్టెన్‌నూ మార్చి, రక్షణ వరుస ముందు అబేను నిలిపి, మిడ్‌ఫీల్డరైన హోండాను ముందు వరుసలోకి పంపారు. ఇది పాత డిఫెండర్‌కే తట్టే ఆలోచన అని నా నమ్మకం. కామెరూన్ మీద 1-0, డెన్మార్క్ మీద 3-1 గెలిచి, సొంతగడ్డకు వెలుపల జపాన్ తొలిసారి నాకౌట్ చేరింది. ప్రిటోరియాలో పరాగ్వేతో పెనాల్టీ షూటౌట్‌ను నేను టీవీలో చూశాను. కొమానో కొట్టిన బంతి పై కర్రకు తగిలి ఎగిరిపోయింది. ఒకాడా మళ్లీ తప్పుకున్నారు.

ఆయన వృత్తి జీవితాన్ని ఇక్కడితో ఆపేస్తే అసలు విషయం వదిలేసినట్టే. 2014లో ఆయన షికోకు దీవిలో తువ్వాళ్లకూ ఓడల నిర్మాణానికీ పేరుపడ్డ ఇమబారి అనే చిన్న నగరానికి వెళ్లి, ప్రాంతీయ లీగులో, అంటే అయిదో శ్రేణిలో ఆడుతున్న క్లబ్బు బాధ్యత తీసుకున్నారు. రెండు ప్రపంచకప్‌ల కోచ్ ప్రాయోజకుల కోసం ఊళ్లో తిరగవలసి వచ్చింది. ఆ క్లబ్బు 2017లో నాలుగో శ్రేణికి, 2020లో మూడో శ్రేణికి, 2025లో రెండో శ్రేణికి చేరింది. 2023లో సొంత స్టేడియం తెరుచుకుంది. మరుసటి ఏడాది క్లబ్బు పేరుతో ఒక ఉన్నత పాఠశాల మొదలై, దానికీ ఆయనే పెద్దయ్యారు.

స్వదేశీ కోచ్ సంగతి మనకు కొత్తేమీ కాదు. హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉండగా భారత జట్టు 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ దారిలో జపాన్‌నూ 2-0తో ఓడించింది. అయితే రహీంకు ఆటగాళ్లను అందించిన నగర లీగులు, పోలీసు జట్లు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాయో మీ పుట చదివి తెలుసుకునే వీలు లేదు. నేను ముప్పయ్యేళ్లకు పైగా వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశాను. జిల్లా పోటీల ఫలితాలు కాగితం మీద రాసుకొని ఒక పత్రికా కార్యాలయానికి పట్టుకెళితే, "మాస్టారూ, క్రికెట్ ఏమైనా ఉంటే చెప్పండి" అని నవ్వుతూ తిప్పి పంపిన రోజులు నాకు గుర్తున్నాయి.

జాతీయ కోచ్ ఎవరన్న చర్చకు మీరు కేటాయిస్తున్న చోటులో నాలుగో వంతు, వారానికి ఒక్కసారైనా, రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా, నగర ఫుట్‌బాల్ లీగుల ఫలితాలకూ పాయింట్ల పట్టికలకూ ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. గోల్ కొట్టిన కుర్రాడి పేరుతో పాటు అతనికి శిక్షణ ఇచ్చిన మాస్టారి పేరు కూడా వేస్తే సంతోషిస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
హనుమకొండ